కోడికూరల బీరు సరే, ముంతల కల్లు సంగతేంది?

మొన్న ఐతారం మా ఊరి పోరగాండ్లు చెరువు కట్ట మీద దావత్ చేసిండ్రు. మూడు రాళ్ల పొయ్యి, రెండు కిలోల కోడి. మసాల పట్టినంక రెండు బీరు సీసలు గిన్నెల గుమ్మరించిండ్రు. ఒకడు ఫోన్ పట్టుకొని రీలు తీసిండు. నన్ను చూసి నవ్వుకుంట అడిగిండు: "అన్నా, మరిగితె నిషా మొత్తం పోతది గద?"

పోదు తమ్ముడూ. మొత్తం పోదు. అమెరికా వ్యవసాయ శాఖ దీనికి ఒక పట్టికే తయారు చేసింది. కలిపి పావుగంట మరగబెడితె వందల 40 వంతులు కూరలనే ఉంటది. అరగంటకు 35, గంటకు 25, రెండున్నర గంటలకు 5. వీళ్లు పోసింది 650 మిల్లీలీటర్ల సీసలు రెండు, 5 శాతం బీరు. అంటె అసలు ఆల్కహాల్ 65 మిల్లీలీటర్లు. అరగంట మరిగినంక మిగిలేది 23 దాక. పదిమంది తింటె తలా రెండు చిల్లర. నిషా రాదు గని, చిన్న పిలగాండ్లకు పెట్టేది కాదు. తాగుడు మాన్పే మందు వాడేటోళ్లకు అసలే పెట్టొద్దు, ఆ మందుకు చుక్క తగిలినా ఒళ్లు తిరగబడతది. ఇంకో మాట, బీరు మస్తుగ పోసి మరగబెడితె కూర చేదెక్కుతది. కొంచెం పోస్తేనె రుచి.

ఇంత చెప్పినంక పోరడు "అన్నా, నువ్వు తాగుడుకు వ్యతిరేకం అనుకున్న" అన్నడు. ఆ మాట కాడనే ఈ కాలమ్ పుట్టింది.

నేను రుచికి వ్యతిరేకం కాదు. కేరళల అప్పం పిండి కల్లుతోని పొంగిస్తరు. గోవాల సన్నాలు గూడ గంతే. మన దగ్గర బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోస్తరు. సుట్టమొస్తె లొట్టి దించుడు మర్యాద. చలికాలం ఈత కల్లు, ఎండ ముదిరితె తాటి కల్లు, పక్కన గుడాలు, బోటి. పొద్దున దించింది తియ్యగుంటది, పొద్దెక్కే కొద్ది పులుస్తది, తెల్లారితె ముక్కు మూసుకోవాలె. చెట్టుకు ఒక కాలం, కల్లుకు ఒక గడియ, తాగేటోనికి ఒక హద్దు. ఆ హద్దు ఎవలు చెరిపిండ్రు అన్నదే నా పంచాయితి.

2015ల సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసింది. ఒక్కసారిగ మందు కలిపిన కల్లు బందయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు వందల మంది దవాఖానల పాలయిండ్రు. గా దినాలల్లనే మా చిన్నాయన గూడ మంచం మీదికెల్లి లేసి గోడలతోని మాట్లాడుడు షురు చేసిండు. చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, మూడో దినం ఫిట్సు. నాలిక కొరుక్కొని నోరంత నెత్తురు. ఆటోల ఏసుకొని నేనే తీస్కపోయిన. డాక్టరు అడిగిండు: "రోజు కల్లు తాగుతడా?" అవునన్న. "గది కల్లు కాదు, నిద్రగోళీల పొడి" అన్నడు.

ఇరవై ఏండ్లు మా చిన్నాయన కల్లు తాగుతున్న అనుకున్నడు. తాగింది అల్ప్రాజోలం. నీళ్లు, చక్కెర, పొడి. చెట్టు మొకం చూడని కల్లు. మేం ఇంటోళ్లమేమొ "వీనికి తాగుడు మీద యావ" అని తిట్టినం. వానికి యావ కాదు, రోగం పెట్టిండ్రు. ఆ పొడి అమ్మినోడు ఊర్ల పెద్దమనిషే ఇయ్యాల్టికి.

పదేండ్లయింది, ఏం మారింది? 2025 జులైల కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయిండ్రు. ఇంకెంతోమంది దవాఖానలల్ల పడ్డరు. కూలి చేసుకునేటోళ్లు, ముసలోళ్లు. నాలుగు దినాలు టీవీలల్ల ముచ్చట, శాంపిళ్లు, సస్పెన్షన్లు, అయిపోయింది.

అదే ఏడు జనవరి యాది చేస్కోండ్రి. 8 తారీకు నాడు కింగ్‌ఫిషర్ బీరు చేసే కంపెనీ తెలంగాణకు సరఫరా బంద్ పెట్టింది. ధర పెంచలే, బాకీ ఇయ్యలే అన్నది. మంత్రులు మాట్లాడిండ్రు, పేపర్లు మొదటి పేజీలు నింపినయి. రెండు వారాలు తిరగకముందే సరఫరా మల్ల మొదలు. ఫిబ్రవరిల బీరు ధర 15 శాతం పెరిగింది. బీరు ఆగితె సర్కారు కుర్సీల నుంచి లేసింది. కల్లుల పొడి ఆగుతలేదు, ఎవ్వలు లేస్తలేరు. ఎందుకట్ల?

లెక్క చూడుండ్రి. 2023ల తెలంగాణల 2,620 వైన్స్ దుకాణాలకు డ్రా తీసిండ్రు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, దుకాణం రాకపోయినా పైస వాపస్ రాదు. లక్షా 30 వేలకు పైగ దరఖాస్తులు పడ్డయి. ఒక్క సీస అమ్మకముందే సర్కారుకు 2,600 కోట్లు ముట్టినయి. 2025ల రుసుము 3 లక్షలు చేసిండ్రు. గంత పెట్టి దుకాణం తెచ్చుకున్నోడు ఊరికొక బెల్టు షాపుకు సీసలు పంపకుంట ఎట్లుంటడు? కిరాణకొట్టు ఎనుక, పాన్‌డబ్బా కింద, అర్ధరాత్రి గూడ దొరికే క్వార్టర్ వెనుక ఉన్నది గీ లెక్కనే.

ఆ క్వార్టర్‌ల ఉండేది 42.8 శాతం. కల్లుల ఉండేది అందులో పదో వంతు, కొంచెం అటిటు. కూలి పైసలు చేతుల పడంగనే నిలబడి అయిదు నిమిషాలల్ల గొంతుల పోస్కునేది రుచి కోసమా? దాని పేరు మరుపు. సారం తీసేసి మరుపు ఒక్కటే అమ్ముతున్నరు మనకు.

అడవి దిక్కు పోండ్రి. ఇప్పపువ్వు తెల్లారంగ రాలుతది, ఆదివాసి తల్లులు గంపలల్ల ఏరుతరు, ఎండబెడతరు, వండుకుంటరు, గింజల నూనె తీస్తరు. ఆదిలాబాద్‌ల ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు. అదే పువ్వుతోని సారా కాసి దేవునికి పెడతరు. తెల్లోళ్లు 1892ల మౌరా చట్టం తెచ్చి బొంబాయి దిక్కు థానా, కొలాబా జిల్లాలల్ల పువ్వు ఏరుడు మీదనే కట్టడి పెట్టిండ్రు, వాళ్ల సరుకు అమ్ముడుపోవాలె గద. గోవా ఫెనీకి 2009ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యం అన్నది. మన కాడ గూడెంల అమ్మితె కేసు. సీసల పోసి లేబుల్ అంటిస్తె సంస్కృతి, కుండల ఉంటె నేరమా?

"అయితె మొత్తం బంద్ పెట్టాలె" అంటరు కొందరు అక్కలు. వాళ్ల కోపం నాకు ఎరుకే. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట తల్లులు సారా మీద లేసిండ్రు. అక్షరాలు నేర్చుకునే బడి కాడనే ఆ మాట పుట్టింది. సారా పోయింది, 1995ల మొత్తం మద్యనిషేధం వచ్చింది, రెండేండ్లకే 1997ల సడలించిండ్రు. దొంగ సరుకు ఒక కారణం, ఖజాన ఇంకో కారణం. ఆ తల్లులు కొట్లాడింది రుచి మీద కాదు, ఇంటికి రాని కూలి మీద. అది గుర్తుపెట్టుకోకుంట నిషేధం అంటె మల్ల గదే కత.

నేను గూడ ఒక మాట ఒప్పుకోవాలె. కల్లు మనది అని పొగుడుకుంట పోతె సరిపోదు. ఏ మోతాదు గూడ ఆరోగ్యానికి పూర్తిగ భద్రం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల తేల్చి చెప్పింది. చెట్టు కల్లు గూడ రోజు తాగితె తాగుడే. చెట్టు మీదికెల్లి పడి నడుము ఇరిగిన గీత కార్మికులు ప్రతి మండలంల ఉన్నరు. 2024ల కాటమయ్య రక్షణ కిట్లు మొదలుపెట్టిండ్రు, మంచిదే. మీ ఊర్ల ఎక్కేటోళ్లందరికి అందినయా?

గందుకే మీరు చెయ్యగలిగే పని ఒకటి చెప్త. మీ ఊర్ల గీసే చెట్లెన్ని? చెట్టుకు రోజుకు దిగేది కొన్ని లీటర్లే. దుకాణంల అమ్మే సీసలెన్ని? రెండు లెక్కలు ఒక కాయితం మీద రాయుండ్రి. తేడా ఉన్నదంటె ఆ తేడాల పొడి ఉన్నది. ఆ కాయితం పట్టుకొని గ్రామసభల నిలబడుండ్రి, పరీక్ష చేసిన శాంపిళ్ల ఫలితం సమాచార హక్కు కింద అడుగుండ్రి. ఇంట్ల ఎవలన్న ఆ కల్లుకు అలవాటు పడి ఉంటె ఒక్కనాడే మాన్పియ్యకండ్రి, పాణం మీదికొస్తది. దవాఖానల డాక్టరు చూసుకుంట కొంచెం కొంచెం తగ్గియ్యాలె. మాకు తెలువక మా చిన్నాయనను పోగొట్టుకునేంత పనయింది. బతికిండు గని ఇప్పటికీ ఎడమ చెయ్యి వణుకుతది.

చెరువు కట్ట మీద కూర నాకు గూడ ఒక ప్లేటు పెట్టిండ్రు. బాగనే ఉన్నది, కొంచెం చేదు. తినుకుంట ఆ పోరనితోని అన్న: వచ్చే ఐతారం ఫోన్ పట్టుకొని తాటివనం దిక్కు రా, చెట్లు లెక్కబెడదాం.