‘మూగమనసులు’ - ఒడ్డున నిలిచినవారి బాధ్యత

ఈ సంవత్సరం వార్షికోత్సవ సన్నాహాలలో భాగంగా, ఒక సాయంకాలం విద్యార్థులకు పాత నలుపు తెలుపు తెలుగు చిత్రాన్ని ఒకదానిని చూపించి, అనంతరం దానిపై చర్చ జరిపితే బాగుంటుందని మేము ప్రతిపాదించాము. ఆ చిత్రం ‘మూగమనసులు’. ప్రతిపాదన విన్నవారి నుండి మూడు ప్రశ్నలు వచ్చాయి. పెద్దలలో ఒకరు ‘కళాశాలలో సినిమా ఎందుకండీ?’ అన్నారు. సహాధ్యాపకులలో ఒకరు ‘చెరువులు తప్ప మరేమీ ఎరుగని ఓరుగల్లులో పడవ కథ ఎవరికి పడుతుందండీ?’ అని నవ్వారు. బి.ఏ. చదువుతున్న ఒక విద్యార్థి మాత్రం కాస్త సంకోచిస్తూ, ‘సార్, అది పునర్జన్మ కథ కదా, పునర్జన్మను నమ్మని మాబోటి వాళ్ళకు అందులో ఏముంది?’ అని అడిగాడు. ఈ మూడవ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. మూడు ప్రశ్నలకూ మాకు తోచిన సమాధానాలను విద్యార్థుల ముందూ, కళాశాల కమిటీ పెద్దల ముందూ ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

‘మూగమనసులు’ 1964లో విడుదలైంది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. ముళ్ళపూడి వెంకటరమణ, ఆచార్య ఆత్రేయ రచన చేశారు. కె.వి. మహదేవన్ సంగీతం కూర్చారు. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున ప్రధాన పాత్రలు ధరించారు. అంతకు ముందు సంవత్సరమే ‘లవకుశ’ రంగులలో వచ్చినప్పటికీ, ఆ నాటికి తెలుగు చిత్రాలలో అధిక భాగం నలుపు తెలుపులే. ఈ చిత్రంలో ఆ రెండు వర్ణాలే గోదావరి వెడల్పునూ, వెన్నెలనూ, రేవు మీది మనుషుల ముఖాలనూ చూపించిన తీరు నేటికీ ముచ్చట గొలుపుతుంది.

చిత్రం చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. కొత్తగా పెళ్ళయిన దంపతులు గోదావరిలో పడవ మీద పోతూ, ఒక చోట సుడిగుండం దగ్గర గతజన్మ స్మృతికి లోనవుతారు. ఒడ్డు చేరిన వారికి గౌరి అనే వృద్ధురాలు పాత కథ చెబుతుంది. ఆ కథలో గోపి అనాథ. పడవ నడుపుకొని బ్రతికేవాడు. రాధ జమీందారు బిడ్డ. అతని పడవలోనే రోజూ ఏరు దాటి కళాశాలకు పోతుంది. అతడు ఆమెకు రోజూ ఒక పువ్వు తెచ్చి ఇస్తాడు. ఆ చనువుకు ఇద్దరిలో ఎవరూ పేరు పెట్టరు. ఆమెకు మరొకరితో వివాహమవుతుంది. కొద్ది కాలానికే వితంతువై పుట్టింటికి తిరిగి వస్తుంది. అప్పుడు ఊరికి నోరు వస్తుంది. చివరకు ఊరు విడిచి పడవలో పోతూ ఇద్దరూ సుడిగుండంలో మునిగిపోతారు. గోపిని మనసారా కోరుకొన్న గౌరి మాత్రం వారి గుర్తులకు కాపలాగా ఒడ్డునే మిగిలి, ముసలిదవుతుంది.

ఇక పడవ కథ ఓరుగల్లుకు ఎంత దూరమో చూద్దాం. పాత వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి, నేడు ములుగు జిల్లాలో చేరిన ఏటూరునాగారం, మంగపేటల ప్రక్కగా పారే గోదావరే దిగువకు పోయి రాజమహేంద్రవరం దగ్గర ఆ చిత్రంలోని గోదావరి అవుతున్నది. అంతకన్న దగ్గరి చుట్టరికం మరొకటి ఉన్నది. ఆ చిత్రంలో గౌరి పాత్ర పాడే ‘గోదారి గట్టు’ పాటను రచించినవారు దాశరథి కృష్ణమాచార్య. వారు 1925లో చిన్నగూడూరులో జన్మించారు. నాటి వరంగల్ జిల్లాలోని ఆ గ్రామం నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. నిజాం పాలనను ఎదిరించి జైలుకు వెళ్ళిన కవి ఆయన. అయినా నిజాం రాజ్యంలో అధికార భాషగా ఉన్న ఉర్దూ మీద ఆయన ద్వేషం పెంచుకోలేదు. గాలిబ్ కవితను తెలుగులోకి తెచ్చి ‘గాలిబ్ గీతాలు’గా మనకు అందించారు. ఒక పాలనతో పోరాడడం వేరు, ఒక భాషను ప్రేమించడం వేరు అని ఆయన జీవితం చెబుతున్నది. ఉర్దూ గజల్‌ను చదువుకొన్న ఆ చేతితోనే గోదావరి ఒడ్డు పల్లెపడుచు మనసును అచ్చ తెలుగు పొడుపుకథలా వ్రాయగలిగారు. ఉర్దూ, తెలుగు రెండూ ప్రక్క ప్రక్క గదులలో బోధించే మన కళాశాలలో, ‘ఈ పాట మనకు దూరం’ అనే మాట నిలువదు.

మా ఇంటిలో ఈ కథ రెండు భాషలలో వినిపించేది. ఆదుర్తి సుబ్బారావే 1967లో ఇదే కథను ‘మిలన్’ పేరుతో హిందీలో తీశారు. మా నానీకి తెలిసినవి రేడియోలో విన్న ‘మిలన్’ పాటలు. ప్రక్కింటి పెద్దమ్మకు తెలిసినవి ‘మూగమనసులు’ పాటలు. మా చిన్నతనంలో టెలివిజన్‌లో ‘మూగమనసులు’ వచ్చిన రోజు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని చూశారు. వరుసలు వేరు, మాటలు వేరు. కాని సుడిగుండం దృశ్యం వచ్చేసరికి ఇద్దరి కొంగులూ కళ్ళ దగ్గరకే చేరాయి. ‘కళాశాలలో సినిమా ఎందుకు?’ అన్న ప్రశ్నకు మా తొలి సమాధానం ఆ చాప.

అయితే ఏడిపించినంత మాత్రాన ఒక కథ చెప్పినదంతా అంగీకరించాలని లేదు. ఈ చిత్రం మీద మాకు ఒక అభ్యంతరం ఉన్నది. గోపిని కథ ఎంతో ఉన్నతుడిగా చూపించింది. కాని అతని ఔన్నత్యమంతా ఏమీ అడగకపోవడంలోనే ఉన్నది. పేదవాడికి పువ్వు ఇచ్చే అనుమతి ఉన్నది, ప్రశ్న అడిగే అనుమతి లేదు. రాధ చదువుకొన్న పిల్ల. కాని ఆమె చదువు ఆమెకు తన సొంత జీవితం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పే ధైర్యాన్ని ఇవ్వలేదు. ఈ జన్మలో తీర్చవలసిన న్యాయాన్ని కథ వచ్చే జన్మకు వాయిదా వేసింది. ప్రేక్షకులు తృప్తిగా ఇంటికి వెళ్ళారు. ఊరి మీద విచారణ జరగలేదు. కథకులు ప్రేక్షకులలో జాలి పుట్టించారు, ఆ రోజులలో అదే పెద్ద సంస్కరణ అని ఎవరైనా అనవచ్చు. అందులో నిజం లేకపోలేదు. కాని జాలి సుడిగుండం దాకా వచ్చి అక్కడ ఆగిపోతే సరిపోదని మా అభిప్రాయం.

ఈ సందర్భంలో నిజంగా సముద్రం మీద నడిచిన మరొక కథ మనసుకు వస్తున్నది. తకళి శివశంకర పిళ్ళై నవల ఆధారంగా రామూ కారియాత్ మలయాళంలో తీసిన ‘చెమ్మీన్’ 1965లో వచ్చింది. అది రంగుల చిత్రం. బెస్తపల్లెకు చెందిన కరుత్తమ్మ హిందువు. చేపల వ్యాపారం చేసే పరీకుట్టి ముస్లిం. వేటకు పోయిన మగవాడి క్షేమం ఒడ్డున ఉన్న ఇల్లాలి శీలం మీద ఆధారపడి ఉంటుందని ఆ పల్లె నమ్మకం. ఆమెకు పళని అనే జాలరితో పెళ్ళవుతుంది; ఊరి నోరు మాత్రం పాత కథను వదలదు. చివరకు పళని సముద్రంలో నశిస్తాడు. ప్రేమికులిద్దరూ ఒడ్డున శవాలై కనిపిస్తారు. అక్కడ వచ్చే జన్మ అన్న ఊరట లేదు. రెండు కథలను ప్రక్క ప్రక్కన ఉంచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నదిగాని, సముద్రంగాని ఎవరినీ శిక్షించలేదు. నీటికి కులమూ మతమూ తెలియవు. తీర్పు ముందే ఒడ్డున జరిగిపోయింది. నీరు దానిని అమలు చేసింది, అంతే.

ఒడ్డున ఉన్నవారికి ఒక బాధ్యత ఉన్నదని మన ఓరుగల్లు ఏనాడో చెప్పింది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం గురించి చరిత్ర విద్యార్థులకు తెలుసు. అంతకు పూర్వపు రాజులు, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకునంతా లాగుకొనేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మిగిలినదంతా నష్టపోయిన వర్తకులకే చెందుతుందని శాసించాడు. సముద్రానికి ఇన్ని మైళ్ళ దూరాన కోటలో కూర్చున్న రాజు, పేరు తెలియని పరదేశి నావికుడికి అభయం ఇచ్చాడు. మునిగినవాడిని మరింత దోచుకోరాదు, చేయి అందించాలి అన్నదే ఆ శాసన సారాంశం. దానికి పునర్జన్మతో పని లేదు. ఈ జన్మలోనే, ఈ ఒడ్డునే అమలు కావలసిన ధర్మం అది. రాధ పగిలిన ఓడలా పుట్టింటి ఒడ్డుకు చేరినప్పుడు ఊరు ఆ శాసనాన్ని మరచిపోయింది.

ఇక్కడ మా స్వానుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం మేము పని చేసిన ఒక కళాశాలలో రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉండేది. తండ్రి లేడు, తల్లి బట్టలు కుట్టి చదివించేది. ఊరి చివరి బస్తీ నుండి ఆ పిల్ల రోజూ ఒకే ఆటోలో వచ్చేది. ఆటో నడిపేవాడు అదే వీధి కుర్రవాడు. ఇంటర్మీడియట్‌తో చదువు మానుకొన్నవాడు. ఒకసారి వానలో ఆమె పుస్తకాల సంచి తడవకుండా తన కోటు కప్పి గేటు దాకా తెచ్చి ఇచ్చాడు. అంతే. మరునాటికి అది కథ అయింది. వారం తిరగకుండా ఆ పిల్ల బంధువుల ఇంటికి చేరింది. స్టాఫ్ రూములో ఆ మాట వచ్చినప్పుడు నిజమని ఎవరూ అనలేదు, అబద్ధమనీ ఎవరూ అనలేదు. మేమూ ఆ గదిలోనే ఉన్నాము. టీ త్రాగి తరగతికి వెళ్ళిపోయాము. ఆ పిల్ల ఆ ఏడు పరీక్షలు వ్రాయలేదు. ఆటో కుర్రవాడు ఆ వీధి విడిచి మరొక స్టాండుకు మారిపోయాడని విన్నాము.

చాలా కాలం తరువాత ఒక బట్టల దుకాణంలో ఆ అమ్మాయి కనిపించింది. చీరలు మడత పెడుతున్నది. ‘సలాం సార్’ అని, ‘ఇప్పుడు సిలబస్ మారిందా సార్?’ అని అడిగింది. మారిందని చెప్పాము. అంతకు మించి ఏమీ చెప్పలేకపోయాము. ఆ చిత్రానికి ‘మూగమనసులు’ అని పేరు పెట్టినవారు ప్రేమికులను ఉద్దేశించి పెట్టి ఉంటారు. ఆ రోజు నుండి ఆ పేరు మాకు స్టాఫ్ రూమును గుర్తు చేస్తున్నది.

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు వద్దాం. పునర్జన్మను నమ్మనివారికి ఈ కథలో ఏముంది? గౌరి ఉన్నది. గోపి మీద అందరికన్న ఎక్కువ ఆశ పెట్టుకొన్నది ఆమె. రాధను నిందించడానికి అందరికన్న ఎక్కువ కారణం ఉన్నది ఆమెకే. అయినా ఒడ్డున ఉన్న అంత మంది జనంలో వారికి తోడు నిలిచినది ఆమె. వచ్చే జన్మ కోసం ఆమె ఎదురు చూడలేదు. ఉన్న జన్మనే ఇతరుల కోసం ఖర్చు చేసింది. జమున ఆ పాత్రను తెలుగులోనూ, హిందీలోనూ ధరించి, హిందీ చిత్రానికి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటి పురస్కారం అందుకొన్నారు. సావిత్రి 1981లో, నాగేశ్వరరావు 2014లో, జమున 2023లో కన్ను మూశారు. వారు మిగిల్చిపోయిన ఆ చిత్రంలో మన విద్యార్థులు నేర్చుకోవలసినది సుడిగుండంలో దూకడం కాదు, గౌరిలా నిలబడడం.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండు మాటలే. మొదటిది, ఈ చిత్రాన్ని ప్రదర్శించడానికి అనుమతించండి. విద్యార్థుల తల్లులను కూడా ఆహ్వానించండి. ప్రదర్శన తరువాత మాట్లాడే మొదటి అవకాశం విద్యార్థినులకు ఇవ్వండి. రెండవది, ఏ విద్యార్థి గురించి అయినా, ముఖ్యంగా ఏ విద్యార్థిని గురించి అయినా, ఒక మాట పుట్టినప్పుడు అది ఇంటికి చేరక ముందే ఇద్దరు అధ్యాపకులు, వారిలో ఒకరు మహిళ, ఆ బిడ్డను కూర్చోబెట్టి వినాలని ఒక నియమం ఏర్పాటు చేయండి. వారం రోజులు తరగతికి రాని పిల్ల ఉంటే ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తట్టాలి. దీనికి డబ్బు ఖర్చు కాదు, కొత్త గదులు కట్టనక్కర లేదు. ఆ తలుపు తట్టే పని మొదట మాకే అప్పగించండి. ఒకసారి తట్టకుండా ఊరుకొన్నవారము కనుక, ఆ పని విలువ ఎంతో మాకు తెలుసు.