స్టాక్ స్ప్లిట్ మదుపరికి లాభమా? ఐఆర్‌సీటీసీ చూపే లెక్క

ఒక సంస్థ తన షేరును అయిదుగానో పదిగానో విభజిస్తున్నట్లు ప్రకటించగానే ఆ షేరుకు గిరాకీ పెరగడం దేశీయ స్టాక్ మార్కెట్లలో తరచూ కనిపించేదే. విభజన వల్ల సంస్థ అమ్మకాలలో గాని, లాభాలలో గాని, ఆస్తులలో గాని పైసా మార్పు రాదు. అయినా ఎగబడి కొన్నవారికి చివరకు మిగిలేదేమిటో తెలుసుకోవడానికి ఐఆర్‌సీటీసీ షేరు నడిచిన దారి చూస్తే చాలు.

రైల్వే టికెట్ల ఆన్‌లైన్ విక్రయాలు చూసే ఈ ప్రభుత్వ రంగ సంస్థ 2019 అక్టోబరులో 320 రూపాయల ధరకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. చిన్న మదుపరులకు పది రూపాయల రాయితీ పోను 310 రూపాయలు పడింది. లాటుకు 40 షేర్లు, అంటే 12,400 రూపాయల పెట్టుబడి. 2021 ఆగస్టులో షేరును అయిదుగా విభజించడానికి బోర్డు ఆమోదం తెలిపేనాటికి ధర ఇంకా 3,000 రూపాయల లోపే ఉంది. అక్టోబరు 19న అది 6,000 దాటింది. కొవిడ్ ఆంక్షలు సడలి ప్రయాణాలు పుంజుకుంటాయన్న ఆశకు కారణాలు లేకపోలేదు. కానీ రెండు నెలల్లో ధర రెట్టింపు కావడానికి ఆ ఆశ ఒక్కటే చాలదు. విభజనకు ముందే చేజిక్కించుకోవాలన్న ఆత్రుత కూడా తోడైంది.

అక్టోబరు 28న పది రూపాయల ముఖ విలువ రెండు రూపాయలకు మారింది. తొలినాళ్ల మదుపరి చేతిలోని 40 షేర్లు 200 అయ్యాయి, ఒక్కోదాని కొనుగోలు ధర 62 రూపాయలకు తగ్గింది. పెట్టిన మొత్తం మాత్రం అదే 12,400. అదే రోజు సాయంత్రం మరో వార్త వెలువడింది. టికెట్ల బుకింగ్‌పై వసూలు చేసే కన్వీనియన్స్ రుసుములో సగం తమకు ఇవ్వాలని రైల్వే శాఖ కోరింది. మరునాడు షేరు ఒక దశలో పావు వంతుకు పైగా పతనమైంది. ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాకే కోలుకుంది. షేరును అయిదుగా చీల్చినా చలించని సంస్థ విలువను ఆదాయంలో వాటా అడిగిన ఒక్క లేఖ కుదిపివేసింది.

ఆనాటి 6,000 రూపాయలు విభజన తరువాతి లెక్కలో 1,200కు సమానం. 2025 చివరి వరకూ షేరు మళ్లీ ఆ స్థాయిని చూడలేదు. 2024 మే నెలలో 1,100 దాటినా, 2025లో ఎక్కువ కాలం 800 దిగువనే కదలాడింది. విచిత్రమేమంటే, ఈ మధ్యకాలంలో సంస్థ లాభం తగ్గలేదు. 2021-22లో సుమారు 660 కోట్లుగా ఉన్న నికర లాభం 2024-25లో సుమారు 1,315 కోట్లకు చేరింది. లాభం దాదాపు రెట్టింపైనా శిఖరంపై కొన్నవారికి నష్టమే మిగిలింది. 62 రూపాయలకు పొందినవారి సొమ్ము మాత్రం పది రెట్లు దాటింది. ఇద్దరి మధ్య తేడా వారు చెల్లించిన ధరలో ఉంది, విభజనలో లేదు.

ఈ గందరగోళానికి భాష కూడా కొంత కారణం. విభజన ప్రకటనలో ‘1:5’ అంటే ఒక షేరు అయిదుగా మారుతుంది. బోనస్ ప్రకటనలో అదే ‘1:5’ అంటే ఉన్న ప్రతి అయిదు షేర్లకు అదనంగా ఒకటి వస్తుంది. గుర్తు ఒకటే, అర్థాలు వేరు. పన్ను లెక్క కూడా వేరే. విభజనలో పాత కొనుగోలు ధరను కొత్త షేర్లకు పంచుతారు, పాత కొనుగోలు తేదీయే వర్తిస్తుంది. బోనస్ షేర్ల కొనుగోలు ధర సున్నా, గడువు కేటాయింపు తేదీ నుంచి మొదలవుతుంది. ఏడాది దాటితే దీర్ఘకాలిక లాభంపై (ఏటా 1.25 లక్షల మినహాయింపు పోను) 12.5 శాతం, దాటకపోతే 20 శాతం పన్ను ఉన్నందున ఈ తేదీ చిన్న విషయం కాదు. డివిడెండ్‌ను శాతాలలో ప్రకటిస్తే అది ముఖ విలువపై లెక్కించేదే. రూపాయి ముఖ విలువపై ‘500 శాతం’ అంటే అయిదు రూపాయలే.

విభజన రోజు ఉదయం ట్రేడింగ్ యాప్‌లో పెట్టుబడి 80 శాతమో 90 శాతమో హరించుకుపోయినట్లు కనిపించి కంగారుపడేవారు ఉంటారు. ధర వెంటనే సర్దుబాటవుతుంది, కొత్త షేర్లు ఖాతాలో జమ కావడానికి మాత్రం కొంత వ్యవధి పడుతుంది. ఆ కంగారులో అమ్మకానికి దిగనవసరం లేదు.

అలాగని విభజన నిష్ప్రయోజనమని చెప్పలేం. అమెరికాలో షేరులో కొంత భాగాన్ని కూడా కొనే వీలుంది. మన ఎక్స్ఛేంజీలలో కనీసం ఒక పూర్తి షేరు కొనాల్సిందే. నెస్లే ఇండియా షేరు 27 వేల రూపాయల దరిదాపుల్లో ఉన్నప్పుడు నెలకు అయిదు వేలు పొదుపు చేసే ఉద్యోగి దాన్ని నేరుగా కొనలేకపోయేవాడు. 2024 జనవరిలో పదిగా విభజించాక కొనగలిగాడు. మరోవైపు, షేరును చీల్చని ఎంఆర్‌ఎఫ్ 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటిన తొలి భారతీయ షేరుగా నిలిచింది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2011లో, 2019లో రెండు విభజనలతో ఒక షేరును పది చేసింది. ఒకరు చీల్చి, మరొకరు చీల్చకుండా ఎదిగారు. రెండు చోట్లా మదుపరికి దక్కింది వ్యాపారం ఎదిగినంత మేరకే.

అసలు ప్రమాదం చిన్న, అంతగా పేరులేని సంస్థల వద్ద ఉంది. పది రూపాయల షేరు చవక అన్న భ్రమను అక్కడ తేలిగ్గా అమ్మవచ్చు. భారత్ గ్లోబల్ డెవలపర్స్ షేరు ఏడాదిలో 16 రూపాయల నుంచి 1,700కు ఎగబాకింది. ఆ సంస్థ బోనస్‌తో పాటు పదింతల విభజననూ ప్రకటించింది. ప్రిఫరెన్షియల్ పద్ధతిలో షేర్లు పొందినవారు లాక్-ఇన్ ముగిశాక అధిక ధరకు అమ్ముకున్నారని ప్రాథమికంగా తేల్చిన సెబీ, 2024 డిసెంబరు 23న మధ్యంతర ఉత్తర్వుతో ట్రేడింగ్‌ను నిలిపివేసింది. బోనస్, విభజనల రికార్డు తేదీకి అప్పటికి మూడు రోజులే గడువుంది.