రెండో వేసవి కథ చిన్న కథ కాదు

అమెరికన్ రచయిత్రి ఆన్ బ్రషారెస్ 2003లో ‘ద సెకండ్ సమ్మర్ ఆఫ్ ద సిస్టర్‌హుడ్’ నవల రాశారు. 2001లో వచ్చిన ‘ద సిస్టర్‌హుడ్ ఆఫ్ ద ట్రావెలింగ్ ప్యాంట్స్’కు ఇది కొనసాగింపు. కార్మెన్, లీనా, బ్రిజెట్, టిబీ చిన్ననాటి నుంచి స్నేహితురాళ్ళు. వేసవిలో నలుగురి దారులూ వేరవుతాయి. నలుగురికీ సరిపోయే ఒకే ఒక్క జీన్స్ ప్యాంటు ఒకరి దగ్గర నుంచి ఒకరికి తిరుగుతూ వాళ్ళను కలిపి ఉంచుతుంది. రెండో నవల నాటికి నలుగురూ ఒక ఏడు పెద్దవాళ్ళయ్యారు.

ఇలాంటి పుస్తకాల మీద చదువుకున్న వాళ్ళలోనూ పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఆడపిల్లల వేసవి స్నేహం కాలక్షేపానికి తప్ప సాహిత్యానికి పనికిరాదని, రెండో భాగమంటే మొదటిదాని పేరు మీద సాగే వ్యాపారమని, అయినా అమెరికా పిల్లల కథ ఇక్కడి పిల్లలకు ఎందుకని అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల జీవితం తెలిసి ఆలోచిస్తే ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

ముందు రెండో భాగం సంగతి. మొదటి నవల స్నేహాన్ని చూపిస్తుంది, రెండోది దానికి మూలాలు వెతుకుతుంది. తల్లిని పోగొట్టుకున్న బ్రిజెట్, అలబామాలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి తన పేరు మార్చుకుని వెళ్తుంది. భర్తతో విడిపోయిన తల్లికి కొత్త తోడు దొరకడం కార్మెన్ ఓర్చుకోలేక ఆ బంధాన్ని చెడగొడుతుంది. టిబీ తన తల్లిని నలుగురిలో నవ్వులపాలు చేసే సినిమా తీసి, తర్వాత కుమిలిపోతుంది. వీటన్నిటి వెనుకా మరో కథ ఉంది. ఈ నలుగురి తల్లులూ కడుపుతో ఉన్నప్పుడు స్నేహితులయ్యారు, పిల్లలు పెరిగేకొద్దీ ఒకరికొకరు దూరమయ్యారు. తల్లుల స్నేహం ఎందుకు తెగింది, కూతుళ్ళది తెగకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్నదే ఈ నవల అడిగే ప్రశ్న. ఒక ఏడు గడిస్తే గాని ఆ ప్రశ్న పుట్టదు. కాబట్టి ఈ కథకు రెండో వేసవి అదనపు హంగు కాదు, ప్రాణం. తెలుగు పాఠకులకు ఇది కొత్త కూడా కాదు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ భాగాలు భాగాలుగా వచ్చింది. ఒక స్త్రీ మారడానికి ఎంత కాలం పడుతుందో చూపించడానికి అంత రచనా అవసరమైంది.

తర్వాత, ఆడపిల్లల స్నేహం చిన్న వస్తువు అన్న మాట. పశ్చిమ గోదావరి వేసవి ఏమిటో తెలిసిన వాళ్ళు ఈ మాట అనలేరు. పదో తరగతి పరీక్షలు అయిపోయేదీ వేసవిలోనే, వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్ళి ముహూర్తాలు వచ్చేదీ వేసవిలోనే. ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లల్లో ఒకరు విజయవాడ హాస్టల్లో ఇంటర్లో చేరతారు, ఒకరు పనిలోకి వెళ్తారు, ఒకరు అత్తారింటికి వెళ్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో సుమారు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. అంటే పది మందిలో దాదాపు ముగ్గురు. ఆ ముగ్గురికీ, వాళ్ళ నేస్తాలకూ చదువుల నాటి రెండో వేసవి లేనట్టే. పెళ్ళితో ముగిసే స్నేహం గురించి రాయడమెందుకు అని అడిగేవాళ్ళు, ముగియడం ప్రకృతి ధర్మమన్నట్టు మాట్లాడుతున్నారు. అది ధర్మం కాదు, ఇంటి పెద్దలు తీసుకునే నిర్ణయం. స్నేహం ఎందుకు తెగుతుందని అడిగే పుస్తకాన్ని కాలక్షేపం అనడం అన్యాయం.

పిల్లల దారులు విడిపోవడానికి పెళ్ళి ఒక్కటే కారణం కాదు. చదువు ఆగడమూ ఒక కారణం, అందుకు ఉదాహరణ తాడేపల్లిగూడెం దగ్గరే ఉంది. అక్కడికి దగ్గరలోని బొమ్మిడిలో 1939లో పుట్టిన రంగనాయకమ్మ, 1955లో తాడేపల్లిగూడెం హైస్కూల్లో ఎస్సెస్సెల్సీ పాసయ్యారు. దూరాన ఉన్న కాలేజీకి పంపే స్తోమత ఇంట్లో లేక చదువు అక్కడితో ఆగింది. ఆమె రచయిత్రి కావడంతో ఆ సంగతి లోకానికి తెలిసింది. అలా చదువు ఆగిన మిగతా పిల్లల సంగతి ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

కొల్లేటిలో దూరం ఇంకా బరువైనది. వానాకాలంలో నీరు పెరిగితే లంక గ్రామాల దారులు మునుగుతాయి. 1999లో సరస్సు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందింది, 2006లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టింది. ఈ ఏడేళ్ళలో లంకల బతుకుతెరువు తలకిందులైంది. పక్షుల గురించి, చెరువుల గురించి, అభయారణ్యం హద్దును నిర్ణయించే కాంటూరు గురించి ఎంతో రాశారు. బతుకుతెరువు మారిన ఇళ్ళలో పదిహేనేళ్ళ ఆడపిల్లల స్నేహాలు ఏమయ్యాయో రాసిన నవల తెలుగు పాఠకుల చేతికి వచ్చినట్టు కనిపించదు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ పులపర్రు బాల్యాన్ని ఒక పిల్లవాడి కళ్ళతో చూపించిన విలువైన పుస్తకం. ముళ్ళపూడి ‘బుడుగు’లో సీగాన పెసూనాంబ ఉంది గాని, కథ చెప్పేది బుడుగే. మగపిల్లల బాల్యానికి తెలుగులో పెద్ద పీటే ఉంది. దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. దాని పక్కన ఇంకో పీట వేయాలన్నదే కోరిక.

ఇక మూడో మాట, పరాయి కథ అన్నది. ఇప్పటి ఏలూరు జిల్లాలోని నూజివీడులో పుట్టి, ఏలూరులో చదువుకున్న మాలతీ చందూర్ ఈ మాటకు ఏనాడో జవాబు చెప్పారు. ‘పాత కెరటాలు’ శీర్షికతో స్వాతి పత్రికలో వందల ఇంగ్లీషు నవలలను తెలుగు గృహిణులకు పరిచయం చేశారు. అవి దూరదేశాల కథలని పాఠకులు వద్దనలేదు, తర్వాతి నెల కోసం ఎదురుచూశారు. ఆడవాళ్ళు ఒకరికొకరు ఆసరా కావడం తెలుగుకు అరువు భావమూ కాదు. ఓల్గా ‘విముక్త’లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. ఆ కలయికల్లోంచే ఆమెకు బలం వస్తుంది. ఆ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురాణ స్త్రీలకు దక్కిన ఈ గౌరవం పదో తరగతి పిల్లలకు దక్కకపోవడానికి కారణం లేదు.

అమెరికా నవలలో లోపాలు లేవని కాదు. కలిగిన కుటుంబాల పిల్లలకు ప్రయాణాలు తేలిక. ఒక ప్యాంటు నలుగురిని కలిపి ఉంచడం అక్కడ కుదిరింది, లంక గ్రామంలో అందుకు ఇంకేదో కావాలి. ఈ తేడా చదవడం మానేయడానికి కారణం కాదు. ఇక్కడి కథ ఇక్కడివాళ్ళే రాయాలనడానికి కారణం.

గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం శిబిరాలకు వచ్చే ఆడపిల్లల చేతికి స్నేహం గురించిన నవలలు ఇవ్వాలి. తర్వాతి ఏడు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో వాళ్ళనే రాయమనాలి. ఆ రాతల్లోంచి వచ్చే తెలుగు నవలకు రెండో భాగం కూడా ఉండాలి.