బిందె దాచుకుని, ఉత్తరాలు అమ్ముకుని

పాత ఇల్లు బిల్డరుకిచ్చి అపార్టుమెంటుకు మారే కుటుంబాల్లో గొడవ సాధారణంగా అటక దగ్గరే మొదలవుతుంది. మూడు తరాల సామాను ఒక్కసారిగా కిందికి దిగుతుంది. గంగాళాలు, గుండిగలు, మరచెంబులు, ఆవకాయ జాడీలు, పెళ్లిపీటలు, పట్టీ చిరిగిన పడకకుర్చీ, వాటి వెనక పురికొసతో కట్టిన కాగితాల కట్టలు. పందిరిమంచం లిఫ్టులో పట్టదు. రోట్లో పచ్చడి నూరితే కింది ఫ్లాటువాళ్లు ఊరుకోరు. లారీ రేపు పొద్దున్నే వస్తుంది. ఏది ఉంచాలో తేల్చాల్సింది ఇంటి పెద్దా, కోడలా, డాలస్ నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న కొడుకా అన్నది పైకి కనిపించే తగాదా. చాలా ఇళ్లలో అసలు తీర్పు చెప్పేది మాత్రం వీధి చివర పాతసామాన్ల కొట్లోని కాటా.

ఇత్తడికి, రాగికి మంచి ధర పలుకుతుంది కాబట్టి వాటిని ‘నానమ్మ గుర్తు’ అంటూ భద్రంగా మూటగడతారు. వెండి సంగతి సరేసరి. పాత కాగితాలకు వచ్చేది చిల్లర డబ్బులే. కాబట్టి ఉత్తరాలు, డైరీలు, పద్దుల పుస్తకాలు, పేర్లు తెలియని ఫొటోలు మొదటి రోజే గోనెసంచిలోకి వెళ్తాయి. ఈ లెక్క తలకిందులైంది. అలాంటి బిందెలు ఆ ఊళ్లోనే వంద ఉంటాయి. తాతయ్య 1950లలో మద్రాసు నుంచి ఇంటికి రాసిన కార్డు ఒక్కటే ఉంటుంది.

కాగితం దాచినవాళ్ల వల్ల తెలుగువాళ్లకు ఏం దక్కిందో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్య సంగతి చాలు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో చూసిన ఊళ్లు, సత్రాలు, సరుకుల ధరలు ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపేవారు. 1836లో ఆయన పోయారు. శ్రీనివాస పిళ్లై ఆ రాతలను పోగుచేసి 1838లో అచ్చువేయించారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. ఆ పిళ్లైగారు ఇల్లు సర్దుతూ కట్టను చెత్తలో వేసి ఉంటే, రెండు వందల ఏళ్ల కిందటి ప్రయాణాల గురించి మనకు తెలిసింది ఎంతో తగ్గిపోయేది.

పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగ పిళ్లై కథ కూడా ఇలాంటిదే. కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ రాసింది ఈయన పేరు మీదే. 1736 నుంచి 1761లో చనిపోయేదాకా ఆయన తమిళంలో దినచర్య రాసుకున్నారు. ఆ పుస్తకాలు 1846లో ఆయన వంశీకుల ఇంట్లోనే బయటపడ్డాయి. ఫ్రెంచి గవర్నరు డూప్లే కాలంనాటి దక్షిణాది రాజకీయాల మీద రాసే చరిత్రకారులెవరూ ఇప్పుడు వాటిని పట్టించుకోకుండా ముందుకు వెళ్లలేరు. ఎనభై అయిదేళ్లపాటు ఆ ఇంట్లో ఎవరో ఒకరు ‘పాత కాగితాలేగా’ అనకపోవడమే వాటి అదృష్టం.

అలాగని అన్నీ దాచమనడం జరిగే పని కాదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ వారసులు లేకుండా 1949లో చనిపోతే, ఆయన సేకరణను 1951లో హైదరాబాదులో ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా తెరిచారు. 1968లో దాన్ని మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి తరలించారు. ఆ సామానుకు ముందు ఒక దేవిడీ, తర్వాత ఒక ప్రభుత్వం దొరికాయి. రెండు పడకగదుల ఫ్లాటుకు మారే గుమాస్తాకు దొరికేది బాల్కనీలో ఒక మూల.

కాబట్టి ఏరుకోక తప్పదు. అందుకు ధర, పరిమాణం, అందం అడ్డొచ్చే కొలతలే తప్ప ఆసరా కావు. ఈ వస్తువు ఎవరిది, ఇంట్లోకి ఎలా వచ్చింది, ఎందుకు ఉంచారు అని అడిగితే జవాబు చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా అన్నదే చూడాల్సింది. అమృత్‌సర్‌లో 2017లో తెరిచిన విభజన మ్యూజియంలో ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు ఉన్నాయి. విభజనకు ముందే సంబంధం కుదిరిన ఇద్దరు, అల్లర్లలో విడిపోయి, అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో మళ్లీ కలిసి పెళ్లి చేసుకున్నారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తూ ఆమె తెచ్చుకున్నది ఆ కోటు, ఆయన తెచ్చుకున్నది ఆ బ్రీఫ్‌కేసు. కథ తీసేస్తే మిగిలేది పాత కోటు, పాత పెట్టె.

ఈ కొలతతో చూస్తే ఇత్తడిలోనూ కొన్ని కాగితాలతో సమానమే. మన ఇళ్లలో గిన్నెల మీద, చెంబుల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉంది. అత్తవారి ఊరు, ఇంటిపేరు, ఇచ్చినవాళ్ల పేరు, ఒక్కోసారి పెళ్లి తేదీ కూడా అంచు మీద కనిపిస్తాయి. పేర్లున్న చెంబు ఒకటి ఉంచుకుంటే, పేర్లు లేని గుండిగలు అయిదు నిశ్చింతగా ఇచ్చెయ్యొచ్చు. ఏడాదికొకసారి కొలువు తీరే బొమ్మల పెట్టె మీదా చెయ్యి వెయ్యకూడదు, ఎందుకంటే దానికి ఇప్పటికీ పని ఉంది.

ఇవ్వడానికి మనసొప్పకపోవడం మనిషి నైజం. 1990లో పరిశోధకులు కానెమన్, నెచ్, థేలర్ ప్రచురించిన ప్రయోగాల్లో, చేతికి ఊరికే ఇచ్చిన కాఫీ కప్పును అమ్మమంటే విద్యార్థులు అడిగిన ధర, కప్పు లేనివాళ్లు పెడతామన్న దానికి దాదాపు రెట్టింపు ఉంది. కాసేపటి కప్పుకే అంత మమకారం ఉంటే, యాభై ఏళ్ల జాడీకి ఎంత ఉండాలి? దీనికి ఉపాయం కూడా పరిశోధకులే చూపించారు. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ హాస్టళ్లలో కొన్నింటిలో, వదల్లేని వస్తువుకు ఫొటో తీసుకుని దానమివ్వమని పోస్టర్లు పెట్టారు. మిగతావాటిలో మామూలుగా ఇవ్వమని మాత్రమే అడిగారు. మొదటి రకం హాస్టళ్ల నుంచి 613 వస్తువులు, రెండో రకం నుంచి 533 వచ్చాయి. జాడీకి ఫొటో తీసి, ఇప్పటికీ ఆవకాయ పెట్టే పిన్నిగారింటికి పంపితే జాడీకీ మేలే.

విదేశాలకు వెళ్లేవాళ్లకు చట్టం సంగతీ తెలియాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలు, కళాకృతులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని సొంత పెట్టెలో పెట్టుకుని దేశం దాటించడం నేరం. తాతగారి పూజా విగ్రహం మీద అనుమానం ఉంటే ముందే భారత పురావస్తు శాఖను అడగాలి. తాళపత్రాల కట్టకు ఇక్కడే చోటు వెతకాలి.

కాగితాల్లో తొందరంతా ఫొటోలకే. వాటిలోని మనుషుల పేర్లు చెప్పగలిగేది చాలా ఇళ్లలో ఒక్క పెద్దావిడే. ఇల్లు మారే ముందు ఆమెను కూర్చోబెట్టి, ఫోనులో ఆమె మాట రికార్డు చేస్తూ, ఫొటోల వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయాలి. లామినేషన్ చేయిస్తే పదిలమనుకుంటారు గానీ, ఆ ప్లాస్టిక్ పొర మళ్లీ ఊడదు, లోపలి కాగితాన్నీ చెడగొడుతుంది.

ఇంటివాళ్ల బాధ్యత ఇంతవరకూ సరే, ప్రభుత్వాలు కూడా తమ వంతు చెయ్యాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరాలి. కుటుంబాల ఉత్తరాలు, డైరీలు, పద్దులు తీసుకుని, రసీదు ఇచ్చి, స్కాన్ చేసి, అసలు కట్ట తిరిగిచ్చే బల్ల ఒకటి ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పెట్టమని పన్ను కట్టేవాళ్లు అడగాలి. కొత్త ఫ్లాటుకు వచ్చే మొదటి పన్ను నోటీసులో కూడా ఆ సెస్సు ఎలాగూ ఉంటుంది.