నిధులు ఆగినా కేసు ఆగకూడదు

ఈ మధ్య ఒక దళిత హక్కుల సంస్థ రాబోయే ఐదేళ్ల గురించి రెండు రోజుల సమావేశం పెట్టుకుంటే నేనూ వెళ్లాను. గోడకు అంటించిన పెద్ద కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశారు. విదేశీ నిధులు ఉంటాయా, పోతాయా? ప్రభుత్వం సానుకూలంగా ఉంటుందా, కఠినంగా ఉంటుందా? అలా వచ్చిన నాలుగు గడుల్లో సంస్థ ఎలా నిలబడాలో రాసుకుంటూ పోయారు. చివర్లో, మండలంలో పనిచేసే ఒక అక్క లేచి, "ఇందులో మన కేసులు ఎక్కడున్నాయి సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు.

ఈ పద్ధతిని సినారియో ప్లానింగ్ అంటారు. ఇది జోస్యం కాదు. రాగల పరిస్థితులు ఒకటి కాదు, నాలుగైదు అనుకుని, ఒక్కోదానికి ముందే సిద్ధపడటం. 1970ల తొలినాళ్లలో షెల్ చమురు కంపెనీ దీన్ని వ్యాపారానికి వాడుకుంది. వర్ణవివక్ష పాలన ముగుస్తున్న రోజుల్లో, 1991-92లో, దక్షిణాఫ్రికాలోని మాంట్ ఫ్లూర్‌లో ఉద్యమకారులు, కార్మిక నాయకులు, వ్యాపారులు, ఆర్థికవేత్తలు కలిసి కూర్చుని ఇదే పద్ధతిలో ఆలోచించారు. వాళ్ల ముందున్న ప్రశ్న మాత్రం తమ తమ సంస్థల బతుకు గురించి కాదు, దేశం ఎటు పోతుందన్నది. పద్ధతి ఒకటే అయినా, ప్రశ్న మారితే జవాబు మారిపోతుంది.

మన సంస్థలకు ఈ కసరత్తు అవసరం లేదని నేను అనను. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల చట్టం సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చిన పది రోజుల్లోపే చట్టమై అమల్లోకి వచ్చింది. విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరో సంస్థకు ఇవ్వకూడదంది. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకుంటూ వాడల్లో పనిచేసే చిన్న సంఘాలకే మొదటి దెబ్బ తగిలింది. 2025లో అమెరికా యూఎస్‌ఎయిడ్‌ను మూసేసినప్పుడు, నిధులు ఆగడానికి మన ప్రభుత్వ నిర్ణయమే అక్కర్లేదని కూడా తేలిపోయింది. కంపెనీల సీఎస్ఆర్ డబ్బు ఉంది కదా అంటారు. బడి గోడకు రంగు వేయించడానికి ముందుకొచ్చే కంపెనీలు, అట్రాసిటీ కేసులో సాక్షి వెంట కోర్టుకు వెళ్లే మనిషికి జీతం ఇస్తాయా?

అసలు చిక్కు కాలంలో ఉంది. ప్రాజెక్టు నిధులు సాధారణంగా రెండు మూడేళ్లకు వస్తాయి. కారంచేడు మారణకాండ 1985 జూలైలో జరిగితే, సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. ఇరవై ఏళ్లు దాటే కేసును మూడేళ్ల నిధులతో ఎలా మోస్తాం?

సంస్థే లేకపోతే కేసు ఎవరు చూస్తారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అంబేద్కర్ ఏం చేశారో చూడండి. 1924లో బహిష్కృత హితకారిణి సభ, 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, 1942లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పెట్టారు. చివరికి ఫెడరేషన్ స్థానంలో రిపబ్లికన్ పార్టీ రావాలని తలపెట్టారు. పరిస్థితి మారినప్పుడు సంస్థను మార్చారు, లక్ష్యాన్ని మార్చలేదు. 1978లో బామ్‌సెఫ్‌ను నిలబెట్టిన కాన్షీరాం, చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన మన వాళ్ల డబ్బు, సమయం, బుద్ధి మీద ఆధారపడ్డారు. మనం మాత్రం దాతల భాష నేర్చుకుని, వాడ జనాన్ని సభ్యుల స్థానం నుంచి లబ్ధిదారుల స్థానానికి దించాం.

కాబట్టి గడులు గీయండి, కానీ ప్రతి గడిలోనూ ముందు బాధితురాలి పేరు రాయండి. రేపు ఆఫీసుకు తాళం పడితే ఆమె ఎఫ్ఐఆర్, చార్జిషీటు నకళ్లు ఎవరి దగ్గర ఉంటాయి? వాయిదా తేదీ ఆమెకు ఎవరు చెబుతారు? బస్సు చార్జీ ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు గడుల్లోనూ పనికొచ్చే పనులు కొన్ని ఉన్నాయి. కాగితాల నకళ్లు బాధిత కుటుంబం దగ్గరే ఉంచడం, నెలకు పది రూపాయలైనా సభ్యత్వ చందా వసూలు చేయడం, ప్రతి మండలంలో జీతం లేకుండా కేసును అనుసరించగల ఇద్దరిని తయారు చేయడం. వీటిలో దేనికీ దాత అనుమతి అక్కర్లేదు.

ఇది చదువుతున్న న్యాయ విద్యార్థులకు, అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. మీ జిల్లా ప్రత్యేక కోర్టులో పెండింగ్‌లో ఉన్న ఒక్క కేసు ఎంచుకోండి. ఆ కుటుంబాన్ని కలవండి. మీ డిగ్రీ అయిపోయాక ఆ కాగితాలు ఏ జూనియర్ చేతిలో పెట్టాలో ఇప్పుడే అనుకోండి. ఆ అక్క అడిగిన ప్రశ్నకు ఆ రోజు మేం చెప్పలేని జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.