కంచెకు కావలి

గుంతకల్లు ప్రాంతమున గూళపాళ్యం హంపన్న పేరు నేటికిని వినబడుచున్నది. అతడు రైల్వే గేటు కాపలాదారు. 1893 అక్టోబరులో తెల్ల సిపాయిల బారినుండి ఇద్దరు స్త్రీలను కాపాడబోయి తుపాకిగుండునకు బలియయ్యెను. గుత్తి న్యాయవాది పట్టు కేశవపిళ్లె ఆ ఘోరమును పత్రికలకెక్కించెను. కేసు మద్రాసు హైకోర్టునకు పోయెను. ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యెను. తెల్లవాడు ముద్దాయియైనపుడు, అతడు కోరినచో జ్యూరీలో సగమునకు తక్కువ కాకుండ యూరోపియనులో అమెరికనులో ఉండవలెనని నాటి చట్టము. అట్టి చట్టము క్రింద వెలువడిన తీర్పుపై హంపన్న పక్షమువారికి నమ్మిక యెట్లు కలుగును?

ఈ ప్రశ్న నేడు మరియొక రూపమున నిలిచియున్నది. కంచెయే చేను మేసినపుడు రైతు ఎవరితో చెప్పుకొనవలెను? 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదులు విచారించుటకు రాష్ట్రమునను జిల్లాలలోను ప్రత్యేక సంస్థలు నెలకొల్పవలెనని ఆదేశించెను. రాష్ట్ర సంస్థకు హైకోర్టు లేక సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తియు, జిల్లా సంస్థకు విశ్రాంత జిల్లా జడ్జియు అధ్యక్షులు. ప్రధాన న్యాయమూర్తి సూచించిన పేర్లనుండియే ప్రభుత్వము రాష్ట్రాధ్యక్షుని ఎన్నుకొనవలెను. సభ్యులు ముగ్గురు మొదలు ఐదుగురు. వారి జాబితాను మానవహక్కుల కమిషను, లోకాయుక్త, పబ్లిక్ సర్వీసు కమిషను సిద్ధపరుపవలెను.

ఆదేశమొకటి, ఆచరణ మొకటి. కేరళ 2011 పోలీసు చట్టము జిల్లా సంస్థలో పోలీసు సూపరింటెండెంటునకే సభ్యత్వ మిచ్చినది. తన క్రిందివారిపై ఫిర్యాదును తానే వినువాడు ఎంత ధర్మపరుడైనను, ఫిర్యాది కంటికి ఎదుటి కక్షివలెనే తోచును. ఆంధ్రప్రదేశములో 2021 జూనున విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్‌ను అధ్యక్షునిగా నియమించిరి. వయోపరిమితి మొదలగు నిబంధనలు మీరిరని వ్యాజ్యము వచ్చెను. సెప్టెంబరులో హైకోర్టు ఆ నియామకమును నిలిపివేసెను.

పోలీసు పనిలోని కష్టము పోలీసులకే తెలియునని కొందరందురు. అది కొంత నిజమే. సుప్రీంకోర్టుకూడ విశ్రాంత పోలీసు అధికారులను వర్జింపలేదు. అనుభవమునకై అట్టివా రొకరు చాలును. వారి సంఖ్య అధికము కారాదు.

అట్లని పోలీసు కానివాడెల్ల నిష్పక్షపాతి యనుటయు పొరపాటే. అనంతపురము సీమలో వర్గకక్షలు తెలియని పల్లె అరుదు. ఒక వర్గమునకు కావలసినవాడు ‘పౌరప్రతినిధి’ పేర సభ్యుడైనచో, రెండవ వర్గమువాడు ఆ గడప త్రొక్కునా? కావున జాబితాలోని పేర్లను ముందుగా ప్రకటించి, ప్రజల అభ్యంతరములు వినవలెను. పార్టీ పదవులలో నున్నవారిని చేర్చరాదు. ప్రతి సంస్థలో ఒక స్త్రీయైన ఉండవలెను. స్టేషనులో జరిగిన అవమానమును పురుషుల యెదుట చెప్పుకొనలేని ఆడవారు కలరు.

మరియొక మాట. వానలు తప్పిన యేట వేరుసెనగ పోయి, బెంగుళూరికి కూలికి పోవు మనుష్యుడు వందల మైళ్ల దూరమందలి రాజధానికి ఫిర్యాదు కొనిపోజాలడు. డి.ఎస్.పి. హోదావరకు గలవారిపై ఫిర్యాదులను జిల్లా సంస్థయే వినవలెనని ఆదేశము. సామాన్యునకు తగులువారు ఎస్.ఐ.లు, కానిస్టేబులులే గదా! జిల్లాలో పీఠములు నింపక, రాజధానిలో ఒక బోర్డు వ్రేలాడదీసినంతమాత్రమున అతనికి ఒరుగునదేమి?

బడిలో పౌరశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు హక్కుల పట్టికతో తృప్తిపడరాదు. ఆ హక్కు భంగమైనపుడు వినుటకు ఎవరు కూర్చుందురు, వారిని ఎవరు ఎన్నుకొందురు అని పిల్లలచేత అడిగింపవలెను. హంపన్న నాడు జ్యూరీని ఎన్నుకొనుట ఈ దేశప్రజల చేతిలో లేదు. నేడు నియమావళి వ్రాయునది ఆ ప్రజల ప్రభుత్వమే.