బీదతండ్రికి బస్సుపాసు

తెలంగాణ ప్రభుత్వమువారు 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ మొదలుకొని పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులయందు స్త్రీలకును బాలికలకును ఉచితప్రయాణ సౌకర్యము కలుగజేసిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారును 2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని అట్టి పథకమునే ప్రారంభించిరి. ఇవి మిక్కిలి శ్లాఘనీయములు. వీనిని తగ్గింపుమని యెవ్వరును కోరరాదు.

అయినను తల్లిలేని బిడ్డల సంగతి యోచింపుడు. వసతిగృహమునందు చదువుకొను కుమారుని జూడవలెనన్న కూలివానికి ఆనాటి కూలి పోవును. రానుబోను ఛార్జియు మీదబడును. అందుచే నెలకొకమాఱు రావలసినవాడు పండుగకుగాని రాడు. బిడ్డ గేటువద్ద నిలిచి యెదురుచూచి, నాయనకు తనపై ప్రేమ తఱిగెనని తలచును. చేత పైకము లేకపోవుటయే కారణమని యా పసివానికి దెలియదు.

తల్లులు ఉచితముగా పోవచ్చునుగదా యని కొందఱందురు. తల్లి గల యింట నది నిజమే. తల్లిలేని యింట నెవరు పోవుదురు? బిడ్డకు జబ్బుచేసినచో పట్టణపు టాసుపత్రికి ఎవరు కొనిపోవుదురు?

విద్యార్థులకు రాయితీపాసులిచ్చు పద్ధతి మనకు క్రొత్తది కాదు. అట్లే రేషనుకార్డు గలిగి, ఒంటరిగా బిడ్డలను పెంచు తండ్రికి, ప్రధానోపాధ్యాయునిదో వైద్యునిదో సంతకముపై, నెలకు రెండు రాకపోకలకు పాసు నొసగిన చాలును. వ్యయము స్వల్పము, బిడ్డకు గలుగు ధైర్యము గొప్పది. పెద్దలు దీనిని ఆలోచింతురుగాక!